సర్వర్ పడిపోతే హద్దురాయి లెక్క ఎక్కడ దొరుకుతుంది? వికారాబాద్, తాండూరు భూముల కోసం ఒక వివరణ

“సర్వర్ డౌన్ ఉంది, రేపు రాండ్రి.” భూమి పని మీద ఆఫీసుల చుట్టూ తిరిగే దళిత కుటుంబాలకు ఈ మాట కొత్తది కాదు. మేమొకసారి ఒక పెద్దమనిషి వెంట లావణీ పట్టా భూమి కొలత కోసం ఒక ఆఫీసుకు నాలుగుసార్లు పోయినం. నాలుగుసార్లూ ఇదే మాట. ఐదోసారి సర్వర్ పనిచేసింది గానీ, అందులో ఆయనకు కావలసినది లేదు. ఆయన అడిగింది పాస్‌బుక్ కాదు. పక్క పొలం ఆసామి ఏటా రెండు సాళ్లు ఇవతలికి దున్నుతుండు. మూలకు ఉన్న రాయి కనబడకుండా పోయింది. ఆ రాయి అసలు ఎక్కడ ఉండాలి? ఇదీ ఆయన ప్రశ్న.

అది ధరణిలో లేదు, భూభారతిలోనూ లేదు. పోర్టల్‌లో పేరు, ఖాతా నంబరు, సర్వే నంబరు, ఎకరాలు, గుంటలు ఉంటాయి. ఆ ఎకరాలు నేల మీద ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో చెప్పే కొలతలు వేరే కాగితాల్లో ఉన్నాయి. వాటిలో చాలా భాగం నిజాం కాలంలో రాసినవి. కాబట్టి వెబ్‌సైట్ ఆగిపోయిన రోజున మన పని ఆగాల్సిన అవసరం లేదు. ఆ కాగితాలు ఏవి, ఎక్కడ ఉంటాయి, ఎట్లా అడగాలి, ఎట్లా చదవాలి అన్నది ఈ వ్యాసంలో చెప్తాం. ఊర్లకు పోయే విద్యార్థులు, కార్యకర్తలు దీన్ని వెంట పెట్టుకోవచ్చు.

ముందు, దీనికి ఇంత పట్టింపు ఎందుకో చెప్పాలి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం, 1989 ప్రకారం దళితుల భూమిని అక్రమంగా ఆక్రమించడం, సాగు చేసుకోవడం, వాళ్లను భూమి నుంచి వెళ్లగొట్టడం నేరాలు. 2015 సవరణ తర్వాత ఇవి సెక్షన్ 3(1)(ఎఫ్), 3(1)(జి)లో ఉన్నాయి. ‘అక్రమంగా’ అనే మాటకు ఇచ్చిన అర్థంలో భూమి రికార్డులను తారుమారు చేయడం కూడా చేరింది. చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా స్టేషన్‌కు పోతే మొదట వినబడేది “ఇది సివిల్ తగాదా” అనే జవాబే. ఆక్రమించిన ముక్క ఏ సర్వే నంబరుదో, ఏ రాయి నుంచి ఎంత దూరం లోపలికి వచ్చారో కాగితం మీద చూపలేకపోతే ఆ జవాబును తిప్పికొట్టడం కష్టం. చూపగలిగితే మాట మారుతుంది.

ఇంకొకటి. అసైన్డ్ భూమిని కొనడం, అమ్మడం 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం కింద చెల్లదు. కొనడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టే చాలా ఊర్లలో రాయి జరుగుతుంది. రాయి జరిపినదానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, స్టాంపు డ్యూటీ అక్కర్లేదు. పైగా తాండూరు దిక్కు రాతికి కరువే లేదు. నాపరాయి బండలు, కడీలు ఎక్కడబడితే అక్కడ దొరుకుతాయి. రాత్రికి రాత్రి ఎవరైనా ఒక కడీ పాతి ‘ఇదే మా తాతల నాటి హద్దు’ అనొచ్చు. రాయి పాతదా, కొత్తదా అన్నది చూపుతో తేలదు. కొలతతోనే తేలుతుంది.

కంట్రోల్ పాయింట్ అంటే ఏమిటి

ఏ కొలతకైనా ఒక మొదలు కావాలి. ఆ మొదలు కదలకూడదు, దాని స్థానం రాసి ఉండాలి, మళ్లీ పోతే దొరకాలి. సర్వేయర్లు దాన్నే కంట్రోల్ పాయింట్ అంటారు. మన పనికి ఇవి రెండు అంతస్తుల్లో ఉన్నాయి.

పై అంతస్తు దేశం మొత్తానికి సంబంధించింది. 1767లో మొదలైన సర్వే ఆఫ్ ఇండియా చూసుకునే త్రికోణమితి స్టేషన్లు, ఎత్తు చెప్పే బెంచ్‌మార్కులు, ఇప్పటి ఉపగ్రహ ఆధారిత శాశ్వత స్టేషన్లు ఇందులోకి వస్తాయి. కింది అంతస్తు ఊరిది. ఊరి పొలిమేర రాళ్లు, మూడు ఊర్లు కలిసే చోట ఉండే ట్రైజంక్షన్ రాయి, సర్వే నంబర్ల మూలల్లో పాతిన కనీలు. పొలం తగాదాలో పనికొచ్చేది ముఖ్యంగా ఈ రెండోది. చాలామంది చదువుకున్న పిల్లలు నేరుగా ఉపగ్రహం దగ్గరికి పోతారు, ఊరి రాయిని మరిచిపోతారు. అందుకే దీని గురించే ఎక్కువ చెప్తాం.

నిజాం రాజ్యంలో భూమి సర్వే పందొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో, బొంబాయి పద్ధతిని అనుసరించి జరిగింది. ఆంధ్ర ప్రాంతంలో మద్రాసు పద్ధతి. అందుకే అక్కడి వాళ్లు ఎఫ్‌ఎంబీ అంటారు, ఇక్కడ మనం టిప్పన్ అంటాం. ఇంటర్నెట్‌లో దొరికే వివరణలు, వీడియోలు చాలావరకు ఎఫ్‌ఎంబీ గురించే ఉంటాయి. వాటిని చూసి వికారాబాద్ ఆఫీసులో ‘ఎఫ్‌ఎంబీ ఇవ్వండి’ అని రాస్తే ‘అటువంటి రికార్డు మా దగ్గర లేదు’ అని జవాబు వస్తుంది. ఆ జవాబు అబద్ధం కూడా కాదు. అందుకే సరైన పేరు రాయాలి.

సరైన పేర్లు ఇవి: ఒక్కో సర్వే నంబరు కొలతల చిత్రం టిప్పన్. ఊరు మొత్తం పటం గ్రామ నక్షా. సర్వే, సెటిల్‌మెంట్ అయిపోయాక నంబరు వారీగా విస్తీర్ణం, పట్టాదారు, శిస్తు రాసిన రిజిస్టరు సేత్వార్. తర్వాత విభజనలు జరిగితే సప్లిమెంటరీ సేత్వార్. 1954-55లో తయారైన ఖాస్రా పహాణీలో ఎవరు పట్టాదారు, ఎవరు కాస్తులో ఉన్నారు అన్నది ఉంటుంది. దానిలో ఫస్లీ సంవత్సరం 1364 అని కనబడితే కంగారు పడొద్దు. ఫస్లీకి 590 కలిపితే క్రీస్తు శకం వస్తుంది, ఒక ఏడాది అటు ఇటు. ఇందులో రాయి ఎక్కడుందో చెప్పేవి టిప్పన్, నక్షా. మిగతావి రాయి ఎవరిదో, ఆ రాళ్ల మధ్య ఎంత భూమి ఉండాలో చెప్తాయి.

టిప్పన్ చదవడం కష్టం కాదు

టిప్పన్ చేతికి వస్తే చాలామంది భయపడతారు. ఉర్దూ అక్షరాలు, వాలుగీతలు, పక్కన చిన్న చిన్న అంకెలు. నిజానికి అందులో ఉన్న లెక్క ఏడో తరగతి పిల్లలు చేసేదే.

కొలత గొలుసులో ఉంటుంది. ఒక గొలుసు 33 అడుగులు. దాన్ని 16 అణాలుగా పంచారు, పాత రూపాయి లెక్కనే. అంటే ఒక అణా రెండు అడుగులకు కొంచెం ఎక్కువ. మీటర్లలో గొలుసు 10.06, అణా 0.63. ఇప్పుడు దీని అందం చూడండి: 33 అడుగుల పొడవు, 33 అడుగుల వెడల్పు ఉన్న చదరం 1,089 చదరపు అడుగులు. అంటే 121 చదరపు గజాలు. అంటే సరిగ్గా ఒక గుంట. చదరపు గొలుసు, గుంట రెండూ ఒకటే. 40 గుంటలు ఒక ఎకరం. కాలిక్యులేటర్ లేకుండానే టిప్పన్ నుంచి విస్తీర్ణం తీయొచ్చు.

సర్వేయర్ పొలం ఒక మూల రాయి నుంచి ఎదుటి మూల రాయి దాకా ఒక పొడుగు గీత కొలుస్తాడు. అదే బేస్ లైన్. మిగతా మూలల నుంచి ఆ గీతకు నిలువుగా ఎంత దూరమో కొలుస్తాడు. అవే ఆఫ్‌సెట్లు. ఉదాహరణకు బేస్ లైన్ 12 గొలుసులు. ఎడమ పక్క మూల దానికి 5 గొలుసుల 8 అణాల దూరంలో ఉంది, అంటే ఐదున్నర. కుడి పక్క మూల 3 గొలుసుల 12 అణాలు, అంటే మూడుంబావు కాదు, మూడు ముప్పావు. ఎడమ త్రిభుజం: 12 ఇంటూ 5.5, అందులో సగం, 33 గుంటలు. కుడి త్రిభుజం: 12 ఇంటూ 3.75, అందులో సగం, 22.5 గుంటలు. మొత్తం 55.5 గుంటలు, అంటే 1 ఎకరం 15.5 గుంటలు. దీన్ని సేత్వార్‌లో ఆ నంబరుకు రాసిన విస్తీర్ణంతో పోల్చండి. దగ్గరగా ఉంటే టిప్పన్ సరిగ్గా చదివామని అర్థం. బాగా తేడా ఉంటే ఒక అంకె తప్పు చదివాం, లేదా ఆ నంబరు తర్వాత విభజన అయింది.

ఇదే లెక్కతో పోయిన రాయి స్థానం దొరుకుతుంది. పై ఉదాహరణలో బేస్ లైన్ చివరి రెండు రాళ్లు నేల మీద ఉండి, ఎడమ మూల రాయి పోయిందనుకోండి. ఆ రెండు రాళ్ల మధ్య టేపు పట్టి, టిప్పన్‌లో రాసిన దూరం దగ్గర ఆగి, నిలువుగా 55.3 మీటర్లు పోవాలి. రాయి అక్కడ ఉండాలి. కానీ బేస్ లైన్ రాయి ఒకటి జరిపి ఉంటే? అందుకే ఒక్క నంబరు టిప్పన్ తీసుకుంటే సరిపోదు. చుట్టూ ఉన్న నంబర్ల టిప్పన్లు కూడా కావాలి. ప్రతి మూల రాయి మూడు నాలుగు నంబర్లకు ఉమ్మడి. ఒక దిక్కు నుంచి మోసం చేయొచ్చు, నాలుగు దిక్కుల నుంచి కొలిస్తే ఒకే చోటికి రావాలి. రాకపోతే ఏ రాయి అబద్ధం చెప్తుందో బయటపడుతుంది.

అసైన్డ్ భూముల్లో ఒక ప్రత్యేక ఇబ్బంది ఉంది. పెద్ద ప్రభుత్వ సర్వే నంబరును పదిమందికో ఇరవైమందికో పంచుతారు. కాగితం మీద ఉప నంబర్లు వేస్తారు, నేల మీద మాత్రం విభజన చేసి రాళ్లు పాతరు. అప్పుడు టిప్పన్ మొత్తం నంబరుకే దొరుకుతుంది. మన ముక్క ఎక్కడన్నది లావణీ ఫైలులో ఉండే పంచనామా, చేతి పటం మీద ఆధారపడుతుంది. కాబట్టి అసైన్డ్ భూమి అయితే ‘అసైన్‌మెంట్ ఫైలు పూర్తి ప్రతి’ అని విడిగా అడగాలి. ఈ ఒక్క మాట రాయకపోవడం వల్ల నెలలు పోగొట్టుకున్నోళ్లను మేం చూసినం.

ఏ జిల్లా రికార్డు రూములో వెతకాలి?

ఇక్కడే తాండూరు కథ మలుపు తిరుగుతుంది. వికారాబాద్ జిల్లా పుట్టింది 2016 అక్టోబర్ 11న. అంతకుముందు తాండూరు, వికారాబాద్ రెండూ రంగారెడ్డి జిల్లాలో ఉండేవి. రంగారెడ్డి జిల్లా 1978లో హైదరాబాద్ జిల్లా నుంచి విడిపోయింది. ఇంకా వెనక్కి పోతే, 1956 రాష్ట్రాల పునర్విభజన దాకా తాండూరు తాలూకా, కొడంగల్ తాలూకా రెండూ గుల్బర్గా జిల్లాలో ఉన్నాయి. పునర్విభజనలో తాండూరు హైదరాబాద్ జిల్లాకు, కొడంగల్ మహబూబ్‌నగర్‌కు వచ్చాయి. కొడంగల్ 2016లో వికారాబాద్‌లో కలిసింది.

అంటే తాండూరు తాలూకా ఖాస్రా పహాణీ తయారైన 1954-55లో ఆ ఊర్ల జిల్లా కేంద్రం గుల్బర్గా. కాగితం తల మీద ‘జిల్లా గుల్బర్గా’ అని ఉంటే అది మనది కాదని పక్కన పెట్టొద్దు. జిల్లా మారిన ప్రతిసారీ రికార్డులు మూటలు కట్టి పంపారు. ప్రతి మూటా గమ్యం చేరిందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కాబట్టి వికారాబాద్‌లో ‘లేదు’ అంటే అది మొదటి జవాబు మాత్రమే. కొడంగల్, బొంరాస్‌పేట, దౌల్తాబాద్ దిక్కు ఊర్లకు మహబూబ్‌నగర్‌లో, తాండూరు, వికారాబాద్, పరిగి దిక్కు ఊర్లకు రంగారెడ్డి జిల్లా సర్వే విభాగంలో అడగాలి.

వికారాబాద్ పట్టణం పేరులోనే ఇంకో చిక్కు ఉంది. ఆ పేరు పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా పేరు మీద వచ్చింది. పాయిగాలు, జాగీర్లు 1949లో రద్దయ్యేదాకా తమ ఊర్ల రెవెన్యూ వ్యవహారం తామే చూసుకునేవి. దివానీ ఊర్లకున్నంత పద్ధతిగా వాటి రికార్డు ఉండకపోవచ్చు. మీది పాయిగా లేదా జాగీరు ఊరైతే తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్ కూడా చూడాలి. అన్ని ఊర్లకూ చివరి గడప మాత్రం హైదరాబాద్ నారాయణగూడలోని సర్వే, సెటిల్‌మెంట్, భూమి రికార్డుల కార్యాలయం. పాత మూల టిప్పన్లు, నక్షాలు, సేత్వార్లు ఉండే సెంట్రల్ సర్వే ఆఫీసు అక్కడే. జిల్లాలో చినిగిపోయిన పేజీ ఇక్కడ దొరకొచ్చు.

రాష్ట్రంలో నక్షాయే లేని ఊర్లు నాలుగు వందలకు పైగా ఉన్నాయని ప్రభుత్వమే చెప్పింది. 2025లో అటువంటి కొన్ని ఊర్లలో ప్రయోగాత్మకంగా రీసర్వే మొదలుపెట్టింది. వాటిలో ఒకటి మన పక్కనే, గండీడ్ మండలం సలార్‌నగర్. మీ ఊరు ఆ జాబితాలో ఉందో లేదో ముందు తెలుసుకోండి. లేని నక్షా కోసం ఏళ్లు తిరగడం కన్నా, లేదని రాతపూర్వకంగా తీసుకుని రీసర్వే అడగడం మేలు.

ఒక రాయి, మూడు ఊర్లు

మీ ఊరి నక్షా దొరకలేదు. వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదు. అప్పుడు ఏం చేయాలి? పక్క ఊరి నక్షా తీయాలి. ట్రైజంక్షన్ రాయి మూడు ఊర్ల సొత్తు. మూడు నక్షాల్లోనూ ఉంటుంది. పొలిమేర గీత రెండు ఊర్ల నక్షాల్లోనూ ఉంటుంది. మీ ఊర్లో రికార్డు పోయినా, పోగొట్టినా, పక్క రెండు ఊర్ల రికార్డు కూడా పోగొట్టడం అంత సులువు కాదు.

తాండూరు దిక్కు ఊర్లకు ఇంకో వెసులుబాటు ఉంది. పడమట పొలిమేర దాటితే కర్ణాటక, చించోళి, సేడం తాలూకాలు. అక్కడా సర్వే చేసింది నిజాం ప్రభుత్వమే. టిప్పన్ అనే మాటే అక్కడ కూడా వాడతారు. కర్ణాటక సర్వే శాఖ గ్రామ పటాలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. మన రాష్ట్రం సర్వర్ పడిపోయిన రోజు వాళ్ల సర్వర్ నడుస్తూ ఉండొచ్చు. సరిహద్దు ఊరైతే అవతలి ఊరి పటం దింపుకోండి, మీ పొలిమేర రాళ్లు అవతలి దిక్కు నుంచి కనబడతాయి.

ఇంకా కొన్ని కదలని గుర్తులున్నాయి. వాడి-సికింద్రాబాద్ రైలు మార్గం 1874లో వచ్చింది. తాండూరు, వికారాబాద్ రెండూ దాని మీదే ఉన్నాయి. రైలు కట్ట, దాని కింది పాత మోరీలు రాత్రికి రాత్రి జరిగేవి కావు. పాత రాతి బావులు, చెరువు కట్టలు, తూములు కూడా అంతే. నక్షాలో ఇవి గీసి ఉంటే, రాళ్లు పోయిన చోట వీటి నుంచి లెక్క కట్టొచ్చు. సర్వేయర్‌ను కూడా వీటి నుంచి సరిచూడమని అడగొచ్చు. అడగడం మన హక్కు. పంచనామాలో ‘ఏ రాయి ఆధారంగా కొలిచారు’ అన్నది రాయించడం మరీ ముఖ్యం. ఆ ఒక్క వాక్యం లేని పంచనామాతో తర్వాత ఏమీ చేయలేం.

గొలుసు పట్టిన చేతులు

ఏ రికార్డు రూములోనూ లేని ఒక రికార్డు ఉంది. ఊర్లో సుంకరి, సేత్‌సింధి, నీరడి పనిచేసిన వృద్ధులు. వాళ్లలో ఎక్కువమంది మాదిగ, మాల కులాల వాళ్లే. పట్వారీ కుర్చీలో కూర్చుంటే గొలుసు మోసింది వీళ్లు, రాయి దగ్గర ముళ్లు కొట్టింది వీళ్లు. సర్వేయర్ వస్తే ‘ఆ రాయి ఏదిరా’ అని అడిగేది వీళ్లనే. పొరుగున మహారాష్ట్రలో కూడా ఊరి పొలిమేర తగాదాల్లో మహార్ల సాక్ష్యానికి విలువ ఉండేది. ఆ ఊరి చాకిరీని గౌరవమని మభ్యపెట్టిన మహార్ వతన్ వ్యవస్థ మీద బాబాసాహెబ్ 1928లోనే బొంబాయి శాసన మండలిలో బిల్లు తెచ్చిండు. జ్ఞానం మన చేతిలో, భూమి మాత్రం వేరే వాళ్ల చేతిలో. ఇదీ ఆ వ్యవస్థ.

తెలంగాణలో 2020లో వీఆర్‌ఓ పోస్టులు రద్దు చేశారు. 2023లో వీఆర్‌ఏలను వేరే శాఖల్లో సర్దారు. 2025లో గ్రామ పాలన అధికారులు వచ్చారు. మధ్యలో ఊరి రాళ్ల జ్ఞాపకం ఎవరికీ అప్పజెప్పకుండానే తెగిపోయింది. వెట్టి పోవాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ ముసలివాళ్ల దగ్గర ఉన్న సమాచారం పోకూడదు. వాళ్లను తీసుకుని పొలిమేర చుట్టూ ఒక్కసారి తిరగండి. ప్రతి రాయి దగ్గర ఫోటో, దగ్గరలోని చెట్టు, బావి, వాళ్లు చెప్పిన పేరు, తేదీ రాసుకోండి. రాళ్లకు పేర్లుంటాయి, ఆ పేర్లు ఏ నక్షాలోనూ ఉండవు. వాళ్ల మాట ఒక్కటే కోర్టులో సరిపోకపోవచ్చు. కానీ టిప్పన్ లెక్క, ముసలాయన చూపిన చోటు ఒకటైతే ఎదుటి వకీలుకు పని ఎక్కువవుతుంది.

ఉపగ్రహం ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు

ఇప్పుడు పై అంతస్తుకు వద్దాం. ఇప్పటి సర్వేయర్లు రోవర్ పట్టుకొస్తున్నారు. దిద్దుబాటు సంకేతం సరిగ్గా అందితే సెంటీమీటర్ల దాకా స్థానం చెప్తుంది. కానీ రోవర్‌కు హద్దు తెలియదు. ‘నువ్వు ఇక్కడ నిలబడ్డవు’ అని చెప్తుందే గానీ ‘నీ పొలం ఇక్కడ మొదలైతది’ అని చెప్పదు. తప్పు రాయి దగ్గర నిలబడితే తప్పును సెంటీమీటర్ కచ్చితత్వంతో రాసిపెడుతుంది. భూభారతి చట్టం కింద రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జత కావాలన్న నిబంధన వచ్చింది కాబట్టి, ఇప్పుడు పడే తప్పు గీత రేపటికి శాసనమవుతుంది. అందుకే కొలతకు ముందే టిప్పన్ మన చేతిలో ఉండాలి.

ఫోన్ జీపీఎస్ సంగతి వేరు. బాగున్నప్పుడు కూడా అది మూడు నుంచి ఐదు మీటర్లు అటూ ఇటూ చూపుతుంది. మన ఉదాహరణలోని 12 గొలుసుల గీత, అంటే 120.7 మీటర్ల పొడవునా హద్దు ఐదు మీటర్లు జరిగితే పోయేది ఆరు గుంటలు. రాయి దగ్గరికి మళ్లీ చేరుకోవడానికి ఫోన్ చాలు. హద్దు తేల్చడానికి చాలదు.

సర్వే ఆఫ్ ఇండియా పటాలు వెతికేవాళ్లకు నంబరు తెలిస్తే పని సులువు. 77-78 డిగ్రీల రేఖాంశాలు, 17-18 డిగ్రీల అక్షాంశాల మధ్య నేలంతా 56 జి షీటు. వికారాబాద్ 56 జి/15లో పడుతుంది. తాండూరు 56 జి/11, 56 జి/12 రెండు షీట్ల అంచున ఉంది, కాబట్టి రెండూ తీసుకోవాలి. సంస్థ పోర్టల్ పనిచేసే రోజున లాగిన్ అయి ఉచితంగా దింపుకుని పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. పనిచేయని రోజున హైదరాబాద్ ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయంలో విచారించవచ్చు. ఈ పటాల్లో సర్వే నంబర్లు ఉండవు. త్రికోణమితి స్టేషన్లు, ఎత్తులు, గుట్టలు, చెరువులు, దారులు ఉంటాయి.

పాత త్రికోణమితి లెక్కలు ఇంకా తేలిగ్గా దొరుకుతాయి, ఎందుకంటే అవి పుస్తకాలుగా అచ్చయ్యాయి. లాంబ్టన్ 1815లో బీదర్ దగ్గర బేస్ లైన్ కొలిచాడు. 1841లో దాన్ని మళ్లీ కొలిచారు. ఎవరెస్ట్ తన మధ్యాహ్నరేఖ కొలతకు దక్షిణ కొసగా పెట్టుకున్న దామర్‌గిడ్డ స్టేషన్ బీదర్‌కు ఉత్తరాన, 18 డిగ్రీల 3 నిమిషాల అక్షాంశం దగ్గర ఉంది. అంటే ప్రపంచ ప్రసిద్ధమైన ఆ గొలుసు మన జిల్లా పక్క నుంచే పోయింది. ఆ నివేదికల స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. వాటికి మన ప్రభుత్వ సర్వర్‌తో పనిలేదు. కానీ ఒక హెచ్చరిక. ఆ అంకెలు ఎవరెస్ట్ దీర్ఘగోళం మీద లెక్కించినవి. మార్పిడి చేయకుండా ఫోన్ మ్యాప్‌లో కొడితే మన ప్రాంతంలో వంద మీటర్లకు పైగా పక్కకు చూపుతుంది.

ఇంకో ఉచ్చు. క్యూజీఐఎస్‌లో నక్షా పరిచే విద్యార్థులు యూటీఎం జోన్ చూసుకోవాలి. 78 డిగ్రీల రేఖ వికారాబాద్ పట్టణానికి కాస్త తూర్పున పోతుంది. వికారాబాద్, తాండూరు 43వ జోన్‌లో, చేవెళ్ల, హైదరాబాద్ 44వ జోన్‌లో ఉన్నాయి. హైదరాబాద్‌లో ఎవరో తయారు చేసిన ఫైలును అట్లనే వాడితే పొలం ఎక్కడో తేలుతుంది. నక్షా పరిచేటప్పుడు కనీసం ఐదారు గుర్తులు ఊరి నలుమూలలా తీసుకోండి, ఒకే దిక్కున కాదు. ఇట్లా తయారైనది సాక్ష్యం కాదు. సర్వేయర్‌ను సరైన ప్రశ్న అడగడానికి పనికొచ్చే కాగితం మాత్రమే.

రాతపూర్వకంగా అడగడం

సర్వర్ డౌన్ అన్న కారణంతో దరఖాస్తు తీసుకోకపోతే ఊరుకోవద్దు. తెల్లకాగితం మీద రాసి టప్పాలో ఇచ్చి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. లేదంటే రిజిస్టర్డ్ పోస్టు. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడ ఇచ్చిన అర్జీకి నంబరు పడుతుంది. 2024 డిసెంబర్‌లో డేటాబేస్ అప్‌గ్రేడ్ కోసం ధరణి సేవలు కొన్ని రోజులు ఆపినప్పుడు కూడా రికార్డు రూముల్లో కాగితాలు ఉన్నచోటే ఉన్నాయి.

సమాచార హక్కు చట్టం కింద అడిగేటప్పుడు ఫలానా ఊరు, ఫలానా సర్వే నంబరు, దాన్ని ఆనుకుని ఉన్న నంబర్లు అన్నీ పేరుపేరునా రాయండి. టిప్పన్, గ్రామ నక్షా, సేత్వార్ పేజీ, ఖాస్రా పహాణీ పేజీ, అసైన్‌మెంట్ ఫైలు ధ్రువీకరించిన ప్రతులు కావాలని రాయండి. రికార్డును స్వయంగా చూసే హక్కు సెక్షన్ 2(జె)లో ఉంది, అదీ అడగండి. ఆ ఆఫీసులో లేకపోతే సెక్షన్ 6(3) కింద ఉన్న ఆఫీసుకు ఐదు రోజుల్లో బదిలీ చేయాలని గుర్తుచేయండి. జిల్లాల విభజనలో ఆ రికార్డు ఎప్పుడు, ఎవరికి అప్పగించారో ఆ జాబితా ప్రతి కూడా అడగండి. మా అనుభవంలో ఈ చివరి ప్రశ్నకే ఆఫీసుల్లో కదలిక ఎక్కువ వస్తుంది. మండల స్థాయి ఆఫీసుకు ఫీజు 5 రూపాయలు, పై ఆఫీసులకు 10 రూపాయలు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఏమీ లేదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లో మొదటి అప్పీలు.

‘రికార్డు అందుబాటులో లేదు’ అనే జవాబు వస్తే నిరాశపడొద్దు, దాచుకోండి. రేపు ఎదుటిపక్షం అదే రికార్డు ప్రతి కోర్టులో పెడితే, అది ఎక్కడి నుంచి వచ్చిందని అడగడానికి ఆ కాగితమే ఆధారం.

పోర్టల్ నడిచే రోజుల్లో తీసిన స్క్రీన్‌షాట్లు కూడా పనికొస్తాయి. తేదీ, వెబ్ చిరునామా కనబడేలా తీయాలి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందుకే ఎవరి ఫోన్‌లో తీశారో రాసి పెట్టుకోండి, ఆ ఫోన్‌ను పారేయొద్దు. వెబ్‌సైట్ల పాత పేజీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పోర్టల్ ముఖపేజీ దొరుకుతుంది గానీ, సర్వే నంబరు కొట్టి వెతికితే వచ్చే పేజీలు సాధారణంగా దొరకవు. దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

ఇంట్లోనే ఉన్న కాగితాలను కూడా మరిచిపోతుంటారు. బ్యాంకులోనో, సహకార సంఘంలోనో అప్పు తీసుకున్నప్పుడు ఇచ్చిన పహాణీ నకలు ఆ ఫైలులో ఉంటుంది. పక్క పొలం ఎప్పుడైనా అమ్ముడుపోయి ఉంటే ఆ దస్తావేజులో నాలుగు హద్దులు రాసి ఉంటాయి. ‘తూర్పున ఫలానా వాళ్ల లావణీ భూమి’ అని ఎదుటివాళ్ల తాత సంతకం చేసిన కాగితం సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో నకలు తీసుకోవచ్చు.

దుద్యాల మండలం లగచర్లలో 2024 నవంబర్ 11 నాటి ఘటన, తర్వాతి అరెస్టులు, ఆ నెలాఖరున ఫార్మా భూసేకరణ నోటిఫికేషన్ ఉపసంహరణ అందరికీ తెలుసు. భూసేకరణ నోటిఫికేషన్ సర్వే నంబర్ల మీదే నడుస్తుంది. నోటీసు వచ్చాక అభ్యంతరానికి ఇచ్చే గడువు రోజుల లెక్కన ఉంటుంది, రికార్డు తీయడానికి నెలలు పడుతుంది. మొదట తీసుకోవాల్సింది గ్రామ నక్షా, మాదిగవాడ, మాలవాడ, తండా వాళ్ల నంబర్ల టిప్పన్లు, వాటి చుట్టుపక్కల నంబర్ల టిప్పన్లు. మూడు జిరాక్సులు తీయించి మూడు వేరువేరు ఇళ్లలో పెట్టండి. నక్షాను ఫోన్‌తో ఫోటో తీసేటప్పుడు స్కేలు గీత, ఉత్తర దిక్కు గుర్తు, ఆఫీసు ముద్ర మూడూ ఫ్రేములో పడేలా చూసుకోండి.